అను, పేజ్‌మేకర్ వదిలేసి యూనికోడ్‌కి మారాలా? డీటీపీ పని తెలిసినవాళ్లు చెప్పండి

చౌరస్తా డీటీపీ (హన్మకొండ)

అందరికీ నమస్తే. హన్మకొండ చౌరస్తా దగ్గర మాదొక చిన్న డీటీపీ సెంటర్. పెళ్లి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, కరపత్రాలు, ప్రైవేటు స్కూళ్ల ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడు ఎవరైనా కవిత్వం పుస్తకం పట్టుకొస్తే అది. పేజీలు పేర్చడానికి మొదటి నుంచి పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, యాపిల్ లేఅవుట్ (ఏ కీ మీద ఏ అక్షరమో ఆ అమరిక). నా వేళ్లకు అదే తెలుసు, కీబోర్డ్ మీద అక్షరాలు చెరిగిపోయినా పని ఆగదు.

ఇప్పుడు షాపులో సిస్టమ్ మార్చక తప్పేలా లేదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నా దగ్గరున్నది మూడో తరం ఐ3, దాని మీద విండోస్ 11 ఎక్కదు, ఎనిమిదో తరం నుంచే తీసుకుంటదట, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలట. ఎలాగూ కొత్త మెషిన్ కొంటున్నా కాబట్టి మళ్లీ అదే పాత సామాను దాంట్లోకి ఎక్కించాలా, లేక ఈ సందులో యూనికోడ్‌కి (ఫోన్లలో, నెట్‌లో నడిచే తెలుగుకు) మారిపోవాలా అన్నది నా ప్రశ్న.

నిజానికి సిస్టమ్ కన్నా పెద్ద తలనొప్పి ఇంకోటి. ఇదివరకు కస్టమర్ తెల్ల కాగితం మీద రాసుకొచ్చేవాడు, మనం కొట్టేవాళ్లం, పేజీకి ఇంత అని తీసుకునేవాళ్లం, ఎవరికీ పేచీ లేదు. ఇప్పుడు చాలామంది మ్యాటర్ వాట్సాప్‌లోనే పంపుతున్నారు. అది కాపీ చేసి పేజ్‌మేకర్‌లో వేస్తే వరసగా ప్రశ్నార్థకాలు. కన్వర్టర్‌లో (యూనికోడ్‌ను అను అక్షరాలుగా మార్చేది) వేస్తే సగం బాగానే వస్తది కానీ మిగతా సగంలో ఎక్కడ ఏ వత్తు ఎగిరిపోయిందో వెతుక్కునే కన్నా మొత్తం మళ్లీ కొట్టుకోవడమే నయం అనిపిస్తది. అప్పుడు కస్టమర్ అడుగుతడు, "నేను టైప్ చేసే పంపిన కదా, మళ్లీ టైపింగ్ చార్జి ఏంది?" అని. ఏం చెప్పాలి? ఆయన అడిగేదాంట్లో న్యాయం ఉంది. మన పని కూడా అబద్ధం కాదు.

వరంగల్, కరీంనగర్ వైపు ఎవరైనా పూర్తిగా మారినవాళ్లుంటే చెప్పండి. ఫాంట్ల సంగతేంటి, ప్రెస్సు వాళ్లు ఒప్పుకుంటున్నారా, పాత ఫైళ్లు ఏం చేశారు?

బ్యానర్ భయ్యా

అన్నా, మారకు. సీదా చెప్తున్న.

మాది ఫ్లెక్స్ పని. మొన్నటి సర్పంచ్ ఎలక్షన్లల్లో రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసి పొద్దున ఆరింటికి బ్యానర్ కావాలన్నోళ్లు ఉన్నరు. అప్పుడు నాకు అక్షరం లావుగా, దూరం నుంచి కనపడేటట్టు, లోపల ఒక రంగు అంచు ఇంకో రంగు వేసినా వత్తులు ముద్ద కాకుండా ఉండాలె. అను ఫాంట్లల్ల ఆ రకాలు మస్తుగున్నయి. కస్టమర్‌కు ఫాంట్ పేరు తెల్వదు కానీ "పోయినసారి ఎమ్మెల్యే బ్యానర్‌కు వేసిన అక్షరం" అంటడు, మనకు సమజైతది. మేడారం జాతర టైంలో స్వాగతం బ్యానర్లు ఎన్ని పడతయో నీకు తెల్వంది కాదు. అన్నీ అదే ముఖం.

యూనికోడ్‌లో రకాలేవి? ఫోన్‌లో కనపడే ఆ సన్న అక్షరం తీసుకొచ్చి పదిహేను అడుగుల బ్యానర్ మీద పెడితే ఆఫీసు నోటీసు లెక్క ఉంటది. ఇంక ప్రెస్సు సంగతంటవా, మేము కోరెల్‌లో కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను బొమ్మ లెక్క గీతలుగ మార్చి పంపుతం. కర్వ్స్ అయినంక అది అనునో యూనికోడో మెషిన్‌కేం తెలుస్తది?

పాత అచ్చు

నేను జనగామ. పుస్తకాల పనే ఎక్కువ చేస్తాను, కరపత్రాలు తక్కువ. పైన తమ్ముడు ఫ్లెక్స్ గురించి చెప్పింది ఫ్లెక్స్‌కి సరే. పండగ అయిపోగానే చింపేసే దానికి లోపల ఏ కోడ్ ఉంటే ఏం. మిగతా పనికి అదే సలహా ఇస్తే మాత్రం నేను ఒప్పుకోను.

ముందు ఒక విషయం తెలుసుకోవాలి, లేకపోతే ఈ గొడవంతా ఫాంట్ అందం గురించి అనుకుంటాం. అను గానీ శ్రీలిపి గానీ ఆ కాలపు ఫాంట్లన్నీ ఒక ఉపాయం మీద నడిచాయి. అప్పట్లో ఒక ఫాంట్‌లో ఉండేవే 256 గళ్లు. ఇంగ్లీషు అక్షరాలు ఉండే గళ్లలో మన తలకట్టు ముక్క, గుడి ముక్క, వత్తు ముక్క పెట్టి, వాటిని పక్కపక్కన అతికించి అక్షరం చూపించేవారు. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు మాత్రం అర్థం లేని ఇంగ్లీషు గుర్తుల వరస. ఆ ఫాంట్ లేని మెషిన్‌లో తెరిస్తే ఆ వరసే బయటపడుతుంది. అంతమాత్రాన దాన్ని చిన్నచూపు చూడను, తొంభైల్లో తెలుగు అచ్చు నడిచింది ఈ ఉపాయం వల్లే, మన ఊళ్లలో ఎన్నో కుటుంబాలు దాని మీద బతికాయి.

యూనికోడ్ దగ్గర లెక్క వేరు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది, మనకు 128 గళ్ల జాగా ఇచ్చారు. అందులో 'క' అంటే ఎక్కడైనా 'క'నే, ఏ ఫాంట్ వేసినా, ఏ ఫోన్‌లో తెరిచినా. ముక్కలు అతికించే పని ఫాంట్, సాఫ్ట్‌వేర్ కలిసి చూసుకుంటాయి. పేజ్‌మేకర్‌కు ఆ పని రాదు. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ వాళ్లు తమదే ఇంకో పేజీ సాఫ్ట్‌వేర్ అయిన ఇన్‌డిజైన్ వైపు పోయారు. నువ్వు వాట్సాప్ మ్యాటర్ వేస్తే ప్రశ్నార్థకాలు వచ్చేది అందుకే. ఎంత తిప్పలు పడ్డా రాదు, దాని తప్పూ కాదు, నీ తప్పూ కాదు.

ఇక పని మాట. ఇన్‌డిజైన్ సీఎస్6 నుంచి తెలుగు సరిగ్గా వస్తుంది, కానీ ఒక మీట నొక్కాలి. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్' అని ఉంటుంది, అది ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పొల్లు పక్కకొచ్చి కూర్చుంటుంది. చాలామంది అది చూసి "ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదు" అని మూసేశారు. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర అలాంటిదే ఒకటి ఉంది. కోరెల్ అయితే 2012లో వచ్చిన ఎక్స్6 నుంచి పర్వాలేదు, అంతకు ముందువి వద్దు. డబ్బు పెట్టలేనంటే స్క్రైబస్ ఉంది, ఉచితం, 2024లో 1.6 వచ్చింది, తెలుగు చక్కగా అతుకుతుంది. పెద్ద పుస్తకానికి నెమ్మదిగా ఉంటుంది కానీ పత్రికలకూ కరపత్రాలకూ చాలు. బొమ్మల పని అయితే ఇంక్‌స్కేప్.

ఫాంట్లు లేవన్న మాటకు కాలం చెల్లింది. రామభద్ర వేసి చూడు, బ్యానర్‌కు అంతకన్నా లావు ఏం కావాలి? బాలూ తమ్ముడు ఉంది, గుండ్రంగా, పిల్లల ఫంక్షన్లకు బాగుంటుంది. అనెక్ తెలుగులో సన్నం నుంచి బాగా లావు దాకా అన్ని బరువులూ ఉన్నాయి, వెడల్పు కూడా మార్చుకోవచ్చు. చేతిరాతలా కావాలంటే లక్కిరెడ్డి. పుస్తకం లోపలి పేజీలకు మండలి, సూరన్న, తిరో తెలుగు, నోటో సెరిఫ్. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, అమ్మకానికి చేసే పనిలోనూ వాడుకోవచ్చు. మన బమ్మెర పోతన పేరు మీద పోతన2000 అని ఒకటి ఎప్పటినుంచో ఉంది, పాత వాసన కొట్టినా నాకు దాని మీద అభిమానం. నిజం చెప్పాలంటే అనులో ఉన్నన్ని అలంకారపు రకాలు ఇంకా లేవు, పెళ్లి పత్రిక దగ్గర ఆ లోటు తెలుస్తుంది. ఆ ఒక్క చోట ఫ్లెక్స్ తమ్ముడితో ఏకీభవిస్తాను.

పాత ఫైళ్ల సంగతి మాత్రం వాయిదా వెయ్యకు. పేజ్‌మేకర్ ఫైళ్లు ఇన్‌డిజైన్ సీఎస్6 వరకే నేరుగా తెరుచుకుంటాయి, ఆ తర్వాతి వెర్షన్లు వాటిని పట్టించుకోవు. మా దగ్గరికి ఒక రిటైర్డ్ మాస్టారు పాతికేళ్ల కిందటి తన పుస్తకం రెండో ముద్రణ వేద్దామని సీడీ పట్టుకొచ్చారు. ఫైలు ఉంది, తెరిచే సాఫ్ట్‌వేర్ ఉంది, ఆ రోజు ఏ ఫాంట్ ఏ వెర్షన్‌తో కొట్టారో ఆ ఫాంట్ మాత్రం ఎవరి దగ్గరా లేదు. పుస్తకం మొత్తం మళ్లీ కొట్టించాం. మాస్టారు ప్రూఫులు మళ్లీ మొదటి నుంచి చూశారు, కళ్లు కనపడని వయసులో.

కాజీపేట జంక్షన్

ఇంత చర్చ ఎందుకన్నా, వాయిస్ టైపింగ్ ఉంది కదా. కాగితం చూసి ఫోన్‌లో చదువు, అదే కొట్టుకుంటది. గూగుల్ 2017లోనే తెలుగు పెట్టింది. మా నాయనమ్మ యూట్యూబ్‌లో వెతికేది అట్లనే.

అక్షర కరీంనగర్

కాజీపేట తమ్ముడూ, నువ్వు ఎప్పుడైనా ఆహ్వాన పత్రిక మొత్తం వాయిస్‌తో కొట్టి చూశావా? ఇంటిపేర్లు, గోత్రాలు, ఊరి పేర్లు వచ్చేసరికి దానికి మతి పోతుంది. పైగా మనం మాట్లాడినట్టు మాట్లాడితే దానికి నచ్చదు, పాఠం చదివినట్టు చదవాలి. కామాలు, పుల్‌స్టాపులు మళ్లీ మనమే పెట్టుకోవాలి. కథలు, వ్యాసాలు రాసేవాళ్లకు పనికొస్తుంది, కాదనను. షాపులో నలుగురు కస్టమర్లు నిలబడి ఉంటే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని "శ్రీరస్తు శుభమస్తు" అని చదవడం నా వల్ల కాదు.

చౌరస్తా అన్నా, నేను ఆపరేటర్‌ని, పూర్తిగా మారాను. మొదట్లో భయపడింది సాఫ్ట్‌వేర్ గురించి కాదు, వేళ్ల గురించే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ నేర్చుకోమన్నారు, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే లేఖిని పద్ధతి నేర్చుకోమన్నారు. రెండూ ప్రయత్నించాను, స్పీడు సగానికి పడిపోయింది, స్కూళ్ల పరీక్షల టైంలో ఆ స్పీడుతో బతకలేం. తర్వాత తెలిసింది, మైక్రోసాఫ్ట్ వాళ్ల కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్ అని ఉచితంగా ఒకటి ఉందని. మనకు అలవాటైన అక్షరం మనకు అలవాటైన కీ మీదే పెట్టుకుని, యూనికోడ్ పడేలా సొంత లేఅవుట్ చేసుకోవచ్చు. ఒక్క కీ నొక్కితే పొల్లు, హల్లు కలిసి వత్తుగా పడేలా కూడా పెట్టుకోవచ్చు. నేను యాపిల్‌కు దగ్గరగా చేసుకున్నాను. మారని అలవాటు ఒక్కటే, గుణింతం కొట్టేసి తర్వాత వత్తు కొట్టడం. యూనికోడ్‌లో వత్తు ముందు, గుణింతం తర్వాత. అది కొన్నాళ్లు చిరాకు పెడుతుంది, తర్వాత మర్చిపోతాం.

ఇంకో విషయం, వాట్సాప్ మ్యాటర్ యూనికోడ్‌లో నేరుగా పేస్ట్ అవుతుంది కదా అని ప్రూఫ్ చూడకుండా ప్లేట్‌కు పంపకు. ఫోన్‌లో కొట్టేవాళ్లు పొల్లు దగ్గర ఆగరు. "కాజీపేట్‌లో" అని ఉండాల్సింది "కాజీపేట్లో" అని, "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అని వస్తుంది. పొల్లు అలాగే నిలబడాలంటే మధ్యలో కనపడని ఒక గుర్తు పెట్టాలి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. నేను నా లేఅవుట్‌లో దానికి ఒక కీ ఇచ్చుకున్నాను. (2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం చూసి ఆగిపోయాయని వార్త వచ్చింది గుర్తుందా, 'జ్ఞా'తో? దాంట్లో కూడా ఈ కనపడని గుర్తే మధ్యలో ఉంది. యాపిల్ వాళ్లు 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. మన అక్షరం అంత పని చేసిందని మా షాపులో రెండు రోజులు నవ్వుకున్నాం.)

ఒక హెచ్చరిక. "ట్లో" కనపడ్డ చోటల్లా మార్చేయమని ఫైండ్ రీప్లేస్ కొట్టేవు, "ఇంట్లో" కూడా "ఇంట్‌లో" అయిపోతుంది. ఒక్కొక్కటి చూసుకుంటూ పోవాలి.

బ్యానర్ భయ్యా

అక్కా ఆ ఇంట్లో సంగతి చదివి నవ్వాగలే 😄

పాత అచ్చు సార్, రామభద్ర వేసి చూసిన. పర్వాలేదు, లావుగనే ఉన్నది. కానీ అంచు రంగు మందంగ ఇస్తే రెండు వత్తులున్న చోట, "రాష్ట్ర" లాంటి దగ్గర, కింద ఇరుకైతున్నది. లైన్ల మధ్య జాగా పెంచితే బ్యానర్ ఎత్తు సరిపోతలే. ఇది నాకు రోజూ పని, చిన్న విషయం కాదు.

పాత అచ్చు

అది నిజమే తమ్ముడూ. వత్తు మీద వత్తు పడే చోట ఒక్కో ఫాంట్ ఒక్కో తీరుగా సర్దుకుంటుంది, అన్నీ బ్యానర్ కోసం గీసినవి కావు. అంచు బయటికి మాత్రమే పెరిగేలా, అక్షరానికి వెనక పడేలా పెట్టు, కోరెల్‌లో అవుట్‌లైన్ దగ్గర 'బిహైండ్ ఫిల్' అని ఉంటుంది. అనెక్ తెలుగులో రెండో లావు తీసుకుని అదే పని చేసి చూడు, మరీ లావుది కాకుండా.

కేయూ క్రాస్‌రోడ్

నేను యూనివర్సిటీలో తెలుగు పీహెచ్‌డీ చేస్తున్నాను, కస్టమర్ వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే ఇక్కడ అందరూ షాపు వైపు నుంచే మాట్లాడుతున్నారు.

థీసిస్ మా దగ్గర ఇప్పటికీ చాలావరకు డీటీపీ సెంటర్లలోనే కొట్టిస్తారు. ఎక్కువగా అనులోనే. 2009 యూజీసీ నిబంధనల నుంచి థీసిస్ ఎలక్ట్రానిక్ కాపీ కూడా ఇవ్వాలి, అది శోధ్‌గంగలో (యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్‌లో) పెడతారు. అందులో తెలుగు సాహిత్యం మీద ఎన్ని థీసిస్‌లు ఉన్నాయో వెళ్లి చూడండి, మన గిరిజన భాషల మీద, జాతరల మీద, ఒగ్గు కథ మీద, ఊళ్లు తిరిగి సేకరించిన మ్యాటర్. తెరవచ్చు, చదవచ్చు, కానీ వెతకలేం. పీడీఎఫ్ తెరిచి "సమ్మక్క" అని కొడితే, పాత ఫాంట్‌లో కొట్టిన దాంట్లో ఒక్క ఫలితం కూడా రాదు, పేజీ పేజీకీ సమ్మక్క ఉన్నా సరే. ఒక పేరా కాపీ చేసుకుని కోట్ చేద్దామంటే పాత అచ్చు సార్ చెప్పిన ఇంగ్లీషు గుర్తుల వరస వస్తుంది. గూగుల్‌కూ దాంట్లో తెలుగు కనపడదు కాబట్టి బయటివాళ్లకు ఆ థీసిస్ ఉందనే తెలియదు. ఒక మనిషి నాలుగైదేళ్లు ములుగు, ఏటూరునాగారం అడవుల్లో తిరిగి రాసింది లైబ్రరీ బీరువాలో ఉన్నా ఒకటే, నెట్‌లో ఉన్నా ఒకటే.

కాపీ కొట్టారా లేదా చూసే సాఫ్ట్‌వేర్లు కూడా 2018 యూజీసీ నిబంధనల తర్వాత తప్పనిసరి అయ్యాయి. అక్షరాన్ని అక్షరంగా గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు పాత ఫాంట్ ఫైలు ఇస్తే అందులో అసలు తెలుగే కనపడదు, ఇంక దేనితో పోలుస్తుంది? కొందరికి అదే బాగుంది అనుకోండి, ఆ విషయం వదిలేద్దాం.

నేను షాపులో కూర్చుని ప్రూఫ్ చూసే రోజుల్లో ఇంకో ఇబ్బంది ఉండేది. థీసిస్‌లో ఇంగ్లీషు పదాలు, పుస్తకాల పేర్లు మధ్యమధ్యలో వస్తాయి. కన్వర్టర్‌తో మార్చినప్పుడు ఆ ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు ముక్కల చెత్తగా మారిపోయేవి. ఒక్కొక్కటీ పట్టుకుని ఫాంట్ మార్చాలి. పాపం ఆపరేటర్ అన్న ఓపిక మెచ్చుకోవాలి. యూనికోడ్‌లో తెలుగు, ఇంగ్లీషు ఒకే లైన్‌లో ఎవరి గళ్లలో వాళ్లు ఉంటాయి కాబట్టి ఈ గొడవ లేదు. ప్రశ్నపత్రాలు చేస్తానన్నారు కదా, మీకు ఇది చాలా పనికొస్తుంది.

పాత ఫైళ్లకు ఒక దారి చెప్తాను. కన్వర్టర్‌లో సరిగ్గా రాకపోతే పేజీలను ఇమేజ్‌గా చేసి, లేదా ప్రింట్ స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి, దాన్ని గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలో ఉన్న తెలుగును చదివి టెక్స్ట్‌గా ఇస్తుంది. అచ్చు శుభ్రంగా ఉంటే చాలావరకు సరిగ్గా వస్తుంది. 'ధ'కు 'థ', 'మ'కు 'వు' పడటం లాంటివి ఉంటాయి, రెండు కాలమ్స్ ఉన్న పేజీ అయితే వరసలు కలిసిపోతాయి, కత్తిరించి ఇవ్వాలి. అయినా మొత్తం మళ్లీ కొట్టడం కన్నా సుఖం. పైన మాస్టారి పుస్తకం లాంటి వాటికి ఫాంట్ దొరక్కపోయినా పర్లేదు, అచ్చయిన పుస్తకం ఒక్క కాపీ ఉంటే చాలు.

పాత అచ్చు

ఇది మంచి మాట. అప్పట్లో తెలుగు పేపర్ల వెబ్‌సైట్లు చూడాలన్నా ఒక్కో పేపర్‌కు ఒక్కో ఫాంట్ వేసుకోవాల్సి వచ్చేది, ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అని ఒక ఎక్స్‌టెన్షన్ వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. పేపర్ల సైట్లు ఎప్పుడో మారిపోయాయి. మిగిలింది మన షాపులే.

చౌరస్తా డీటీపీ (హన్మకొండ)

అందరికీ థాంక్స్. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. షాపు కట్టేశాక కూర్చుని అన్నీ చదివాను.

నేను అనుకున్నది ఇదీ. కొత్త మెషిన్‌లో రెండూ పెట్టుకుంటాను. ప్రశ్నపత్రాలు, థీసిస్‌లు, పుస్తకాలు యూనికోడ్‌లోనే. వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్‌ను ఇక తిరిగి కొట్టను. పెళ్లి పత్రికలు మాత్రం ఇప్పట్లో పాత పద్ధతే, ఎందుకంటే ఆ "శుభలేఖ" అని పైన వచ్చే అలంకారపు అక్షరం దగ్గర పెళ్లివాళ్లు రాజీ పడరు, నాతో తగువుకు దిగేది పెళ్లికొడుకు మేనమామలే. పేరు ఒక్కటి అనులో కొట్టి కర్వ్స్ చేసి, లోపలి మ్యాటర్ యూనికోడ్‌లో పెడితే కుదురుతుందేమో చూడాలి. పాత ఫైళ్లలో పుస్తకాలు మాత్రమే మారుస్తాను, పదేళ్ల కిందటి పెళ్లి పత్రిక ఇప్పుడు ఎవరు అడుగుతారు.

పాత అచ్చు సార్, ప్రెస్సు సంగతి ఒకటి మిగిలింది. పుస్తకం మొత్తం కర్వ్స్ చేసి పంపాలా, పీడీఎఫ్ చాలా?

అక్కా, రేటు సంగతి మీరెట్ల చూసుకున్నారు? టైపింగ్ చార్జి పోతే షాపులో సగం ఆదాయం అదే.

పాత అచ్చు

పుస్తకానికి పీడీఎఫ్ చాలు, ఫాంట్లు అందులోనే ఎంబెడ్ చేసి పంపు. కర్వ్స్ చేస్తే ఫైలు బరువెక్కుతుంది, సన్న అక్షరం కొంచెం మందం అయినట్టు కనిపిస్తుంది, చివరి నిమిషంలో ఒక అచ్చుతప్పు దొరికితే దిద్దడానికి వీలుండదు. కవర్ పేజీ ఒక్కటి కర్వ్స్ చేసుకో. కొత్త ప్రెస్సుతో మొదటిసారి అయితే నాలుగు పేజీలు పంపి ప్రింట్ తెప్పించుకుని చూడు, అందులో క్ష, జ్ఞ, స్త్ర, ష్ట్ర అన్నీ ఉండేలా ఒక పేజీ కలుపు.

బ్యానర్ భయ్యా

అవుట్‌లైన్ వెనక్కి పెట్టిన సార్, వత్తు తేటగ కనపడుతున్నది. మనకు ఇంతకాలం ఈ బటన్ తెల్వకపాయె. అయినా నేను ఇప్పుడే మారుతలేను, మా పోరగాళ్లకు జాతర సీజన్ పోయినంక చూపిస్త.

అక్షర కరీంనగర్

అన్నా, టైపింగ్ అనే మాట బిల్లులోంచి తీసేశాను. ఇప్పుడు ప్రూఫు, సెట్టింగ్ అని రాస్తాను. కాగితం మీద వస్తే పాత రేటే. ఫోన్‌లో మ్యాటర్ వస్తే దాంట్లో సగానికి కొంచెం పైన. ఎందుకంటే ఫోన్ మ్యాటర్‌లో పొల్లులు దిద్దాలి, పేరాలు విడగొట్టాలి, వాట్సాప్‌లో బోల్డ్ కోసం పెట్టిన నక్షత్రం (*) గుర్తులు, బొమ్మలు తియ్యాలి. "నేనే టైప్ చేశా కదా" అన్న కస్టమర్‌ను పక్కన కూర్చోబెట్టి ఒక పేజీ వాళ్ల ముందే దిద్దుతాను, తర్వాత ఎవరూ అడగలేదు. పేజీకి వచ్చేది తగ్గింది, రోజుకు అయ్యే పేజీలు పెరిగాయి. ఆదాయం మొదట కొన్ని నెలలు తగ్గింది, అది దాచను. స్కూళ్ల సీజన్‌లో సర్దుకుంది.

లేఅవుట్ ఫైలు నీకు పంపుతాను. జిప్ విప్పి సెటప్ నొక్కు, తర్వాత సిస్టమ్ ఒకసారి రీస్టార్ట్ చెయ్యి, లేకపోతే లాంగ్వేజ్ బార్‌లో కనపడదు. పొల్లు నిలబెట్టే గుర్తు ఆల్ట్ జీఆర్‌తో (కుడివైపు ఆల్ట్ కీ) స్పేస్ మీద ఉంది, నీకు వేరే చోట కావాలంటే చెప్పు, మార్చి పంపుతా.